ఈవో 9 (2.0 లీటర్లు) మీద జీటీఎక్స్ 3076: టర్బైన్ హౌసింగ్ 0.63 తీసుకోవాలా, 0.82 తీసుకోవాలా?

శ్రీ_ఈవో9 | ఫ్రిస్కో, టెక్సస్ | ఫిబ్రవరి 8

అందరికీ నమస్కారం. నా దగ్గర 2006 మిత్సుబిషి ల్యాన్సర్ ఎవల్యూషన్ 9 ఉంది. 4జీ63 ఇంజిన్, 1997 సీసీ, లోపల పిస్టన్లూ రాడ్లూ ఫోర్జ్‌డ్‌వి మార్చాను. కామ్‌లు కొంచెం పెద్దవి. లిమిటర్ 7,200 ఆర్‌పీఎం దగ్గర పెట్టాం. ఇప్పటిదాకా కంపెనీ టర్బోతోనే నడిపాను. ఇప్పుడు గ్యారెట్ జీటీఎక్స్ 3076ఆర్ జెన్ 2 కొన్నాను. మానిఫోల్డ్ టీ3 ఓపెన్ ఫ్లాంజ్ (టర్బో బిగించే పట్టీ, లోపల ఒకటే దారి), బయట 44 మిల్లీమీటర్ల వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్ గ్యాస్‌ని టర్బైన్ పక్కనుంచి పంపేసే వాల్వ్).

టర్బైన్ హౌసింగ్ (ఎగ్జాస్ట్ గ్యాస్ తిప్పే చక్రం చుట్టూ ఉండే గుల్ల) ఇంకా ఆర్డర్ పెట్టలేదు. ఈ టర్బోకి టీ3లో 0.63, 0.82, 1.06 అని మూడు ఏ/ఆర్‌లు (హౌసింగ్ లోపలి దారి ఎంత ఇరుకో చెప్పే నంబర్లు) దొరుకుతున్నాయి. ఎవరిని అడిగినా తలా ఒక మాట చెబుతున్నారు. ఒకరు "2 లీటర్లకి 0.63 దాటొద్దు" అంటారు, ఇంకొకరు "0.63 పెడితే పైన ఊపిరాడదు" అంటారు. డబ్బు ఒకసారే పెట్టగలను, అందుకే టెన్షన్‌గా ఉంది.

వాడకం: నెలకోసారి ట్రాక్ డే, ఎక్కువగా క్రెసన్‌లో 1.7 మైళ్ల ట్రాక్, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆస్టిన్‌లో కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ట్రాక్). మిగతా రోజుల్లో వారాంతం డ్రైవ్. ఫ్యూయల్ 93 ఆక్టేన్. వీల్స్ దగ్గర 400 హార్స్‌పవర్ వస్తే చాలు, 500 కోరిక లేదు.

---

మిషిగన్_రావు | ఫిబ్రవరి 8

శ్రీ, ముందు లెక్క చూద్దాం, హౌసింగ్ సంగతి దాని వెనకే వస్తుంది.

వీల్స్ దగ్గర 400 అంటే, ఆల్ వీల్ డ్రైవ్‌లో పోయేది 15 శాతం అనుకున్నా క్రాంక్ దగ్గర 470. గాలి, ఫ్యూయల్ నిష్పత్తి 11.5, ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 0.5 పౌండ్ల పెట్రోల్ అనుకుంటే, 470ని 11.5తో, 0.5తో గుణించి 60తో భాగించు. నిమిషానికి 45 పౌండ్ల గాలి కావాలి.

ఇప్పుడు ఆ 45 పౌండ్లు నీ 122 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌లోకి 7,200 ఆర్‌పీఎం దగ్గర వెళ్లాలంటే ఎంత ప్రెషర్ కావాలి? ఇంటేక్ గాలి 130 ఫారెన్‌హీట్, నీ కామ్‌లతో వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్ ఎంతవరకు గాలితో నిండుతుందో) 100 శాతం అనుకుంటే, మానిఫోల్డ్‌లో మొత్తం 38.7 పీఎస్ఐ ఉండాలి. అందులోంచి వాతావరణం 14.7 తీసేస్తే బూస్ట్ 24. ఇంటర్‌కూలర్‌లో 2 పీఎస్ఐ పోతుంది, ఫిల్టర్ దగ్గర అర పీఎస్ఐ. అంటే కంప్రెసర్ 14.2 నుంచి 40.7కి నెట్టాలి. ప్రెషర్ రేషియో దాదాపు 2.87.

జీటీఎక్స్ 3076 కంప్రెసర్ మ్యాప్ (ఏ ప్రెషర్ దగ్గర ఎంత గాలి ఇవ్వగలదో చూపే గ్రాఫ్) మీద 2.87 దగ్గర 45 పౌండ్లు ఎక్కడ పడుతుందో చుక్క పెట్టి చూడు. హాయిగా లోపలే ఉంటుంది. కంప్రెసర్ ఎంపిక బాగుంది. ఇక మిగిలింది టర్బైన్ వైపే.

---

పుణె_టర్బో | పుణె | ఫిబ్రవరి 9

నాది కాకినాడ, పుణెలో టర్బోలు టెస్ట్ చేసే బెంచ్ మీద ఏడేళ్లుగా పని చేస్తున్నాను. ఏ/ఆర్ అంటే ఏమిటో సరిగ్గా చెప్పకుండానే చాలామంది నంబర్లు చెప్పేస్తుంటారు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

హౌసింగ్ నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది కదా. గ్యాస్ లోపలికి వచ్చే చోట ఆ గొట్టాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం ఏ. ఆ కోత మధ్య బిందువు నుంచి టర్బో షాఫ్ట్ మధ్యకి ఉన్న దూరం ఆర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.63 లాంటి నంబర్ వస్తుంది. ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. వైశాల్యాన్ని దూరంతో భాగిస్తే మిగిలేది పొడవే. అంటే ఏ/ఆర్‌కి యూనిట్ ఉంది. గ్యారెట్ వాళ్ల 0.63 అంగుళాల్లో లెక్క. కాబట్టి ఏ కంపెనీ ఏ కొలతలో చెబుతోందో చూసుకోవాలి. మీ ఈవో కంపెనీ టర్బో పేరు చివర 10.5టీ అని ఉంటుంది. అది మిత్సుబిషి పద్ధతి, చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం మాత్రమే చెబుతుంది, ఏ/ఆర్ కాదు. ఆ రెండు నంబర్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు.

పని ఎలా చేస్తుందంటే, మొక్కలకి నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కుతాం, నీళ్లు దూరంగా, వేగంగా పోతాయి. చిన్న ఏ/ఆర్ అలాంటిది. తక్కువ గ్యాస్ ఉన్నప్పుడు కూడా అది వేగంగా, చక్రం అంచుకి దాదాపు తాకుతూ వచ్చి తోస్తుంది. టర్బో త్వరగా లేస్తుంది. కుళాయి పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం అదే వేలు అడ్డం అవుతుంది. ఇంజిన్ 7,000 దగ్గర పంపే గ్యాస్ అంతా ఆ ఇరుకులోంచే పోవాలి. పోలేనిది మానిఫోల్డ్‌లో ప్రెషర్‌గా పేరుకుంటుంది. పిస్టన్ ఆ ప్రెషర్‌కి ఎదురు తోయాలి. పైగా కాలిన వేడి గ్యాస్ కొంత సిలిండర్‌లోనే మిగిలిపోతుంది, తరువాతి స్ట్రోక్‌లో నాక్ (పెట్రోల్ తనంతట తానే పేలడం) మొదలవుతుంది.

ఇంకొక మాట. ఏ/ఆర్ నంబర్ ఒకే చక్రం మీద పోల్చడానికే పనికొస్తుంది. నీ టర్బైన్ చక్రం 60 మిల్లీమీటర్ల పెద్ద అంచు, 55 చిన్న అంచు. జీటీ35 చక్రం 68, 62. దాని మీద 0.63 వేరే, నీ దాని మీద 0.63 వేరే. "మా ఫ్రెండ్ 0.63తో 600 తీశాడు" అంటే, ఏ చక్రం మీద అని అడగాలి.

---

హైదరాబాద్_ఆర్‌ఎస్230 | మియాపూర్ | ఫిబ్రవరి 9

నా అనుభవం చెప్తాను, కారు వేరే అయినా పనికొస్తుంది. స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230 ఉంది నాకు. కంపెనీ టర్బో తీసేసి ఐఎస్38 పెట్టించాను, గోల్ఫ్ ఆర్‌లో వచ్చేది. డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం చూసి మురిసిపోయాను. తరువాత రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లేటప్పుడు తెలిసింది. సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నేను వాడేది 1,800 నుంచి 3,000 మధ్య. అక్కడ ముందున్న చురుకుదనం పోయింది. పైన పెరిగిన పవర్ నేను వాడేది నెలకి రెండు నిమిషాలు కూడా ఉండదు.

నాది చెడ్డ టర్బో అనడం లేదు. నా దారికి అది సరిపోలేదు. శ్రీ, ట్రాక్ మీద నీ కారు మూల నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎంత ఆర్‌పీఎం మీద ఉంటుందో ముందు అది చూసుకో.

---

శ్రీ_ఈవో9 | ఫిబ్రవరి 10

రావు గారూ, చుక్క పెట్టి చూశాను, మ్యాప్ మధ్యకి కాస్త కుడివైపు పడింది. థాంక్యూ.

ఆర్ఎస్230 అన్నా, మంచి పాయింట్. పోయిన ట్రాక్ డే లాగ్ తెరిచి చూశాను. క్రెసన్‌లో అన్నిటికంటే నెమ్మదైన మూల దగ్గర రెండో గేర్‌లో 4,300. మిగతా మూలల్లో మూడో గేర్, 4,600 నుంచి 5,200. గేర్ మార్చాక ఎప్పుడూ 5,000 కిందకి పడలేదు. నేను 4,000 కింద ఉన్నది పిట్ లేన్‌లో మాత్రమే!

---

మిషిగన్_రావు | ఫిబ్రవరి 10

ఈ లాగ్ నువ్వు మొదటి రోజే పెట్టి ఉంటే సగం చర్చ అయిపోయేది. 4,300 నుంచి 7,200. నీ ఇంజిన్ బతికేది అక్కడ. 3,600కే బూస్ట్ వచ్చినా ట్రాక్ మీద నీకు దక్కేది ఏమీ లేదు. 0.82 వైపు నా మొగ్గు.

అయితే వీధిలో నడిపేవాడికి ఇదే సలహా ఇవ్వను.

---

కాకినాడ_ఎఫ్ఎస్ | ఫిబ్రవరి 10

అన్నా, నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఒక డౌట్. మా ఇంట్లో పాత స్విఫ్ట్ డీజిల్ ఉంది, 75 హార్స్‌పవర్ది. అదే 1.3 ఇంజిన్ ఎర్టిగాలో 90 వచ్చేది, అందులో వీజీటీ అంటారు. అది కూడా ఏ/ఆర్ మార్చడమేనా?

---

పుణె_టర్బో | ఫిబ్రవరి 10

అవును తమ్ముడూ, సరిగ్గా పట్టుకున్నావు. వీజీటీలో టర్బైన్ చక్రం చుట్టూ కదిలే రెక్కలు ఉంటాయి. అవి మూసుకుంటే చిన్న ఏ/ఆర్, తెరుచుకుంటే పెద్ద ఏ/ఆర్. శ్రీ పడుతున్న ఈ తర్జనభర్జన అక్కడ నడుస్తూ నడుస్తూనే తీరిపోతుంది. డీజిల్‌లో ఎగ్జాస్ట్ వేడి తక్కువ కాబట్టి ఆ రెక్కలు తట్టుకుంటాయి. పెట్రోల్‌లో 950 డిగ్రీల సెల్సియస్ పైన పోతుంది, ఆ వేడిలో కదిలే భాగాలు బిగుసుకుపోకుండా చేయడం ఖరీదైన పని. పోర్షే 2006లో 997 తరం 911 టర్బోలో పెట్రోల్ మీద అది చేసి చూపించింది. మనకి దొరికే మామూలు పెర్ఫార్మెన్స్ టర్బోల్లో మాత్రం హౌసింగ్ ఒక్కటే, ఎంచుకున్నదానితోనే బతకాలి.

---

డెన్వర్_ఎస్టీఐ | ఫిబ్రవరి 11

సుబారు ఎస్టీఐ, ఈజే257, 2.5 లీటర్లు. జీటీఎక్స్ 3071ఆర్, టీ3 0.82 హౌసింగ్. మీరందరూ సముద్ర మట్టం లెక్కలు చేస్తున్నారు. నేను ఉండేది 1,600 మీటర్ల ఎత్తులో. ఇక్కడ వాతావరణమే 12.1 పీఎస్ఐ. రావు గారి లెక్కనే డెన్వర్‌కి మార్చండి. అదే 40.7 కావాలంటే ఫిల్టర్ నష్టం పోను 11.6 నుంచి ఎక్కాలి. రేషియో 3.5! టర్బో ఎంత వేగంగా తిరగాలో ఆలోచించండి.

దానికి తోడు పీల్చే గాలే పలుచన కాబట్టి కింద ఆర్‌పీఎంలలో ఎగ్జాస్ట్ గ్యాస్ తక్కువ. టర్బో లేవడానికి ఆలస్యం. హ్యూస్టన్‌లో ఉన్న నా స్నేహితుడికి ఇదే సెటప్ 3,500కి లేస్తుంది. నాకు 4,000 దాటాలి. నేను ఆర్డర్ పెట్టే రోజుల్లో ఫోరమ్‌లలో చదివిందంతా సముద్ర తీరం వాళ్లు రాసింది. ఎత్తు సంగతి నాకు తట్టలేదు.

---

హైదరాబాద్_ఆర్‌ఎస్230 | ఫిబ్రవరి 11

ఇది నాకు కొత్త విషయం. హైదరాబాద్ 540 మీటర్లు కదా, మరి మనకీ కొంత తేడా ఉంటుందా?

---

మిషిగన్_రావు | ఫిబ్రవరి 11

ఉంటుంది, కానీ కొద్దిగా. మీకు వాతావరణం దాదాపు 13.8. శ్రీ కారుని మియాపూర్‌లో నడిపితే రేషియో 2.87 బదులు 3.06 అవుతుంది. విశాఖలో ఉన్నవాడికి ఆ తేడా లేదు. బెంగళూరు 900 మీటర్ల పైన, అక్కడ ఇంకొంచెం. మీకు ఎత్తు కంటే ఎండ పెద్ద సమస్య. మే నెలలో 42 డిగ్రీల్లో ఇంటర్‌కూలర్ ఇచ్చే గాలి వేడిగా ఉంటుంది, నాక్ దగ్గరగా ఉంటుంది. అలాంటి చోట బ్యాక్ ప్రెషర్ ఎంత తగ్గితే అంత మంచిది. వీధి కారుకి చిన్న హౌసింగ్ కావాలి, ఎండకి పెద్దది కావాలి. ఈ పేచీ మీ దగ్గర ఎప్పుడూ ఉండేదే.

---

విజయవాడ_4జీ63 | ప్రస్తుతం సియాటిల్ | ఫిబ్రవరి 12

ఆలస్యంగా వచ్చాను. ఒక విషయం ఎవరూ అడగలేదు. శ్రీ, కంపెనీ ఈవో టర్బో ట్విన్ స్క్రోల్, అంటే హౌసింగ్‌లో గ్యాస్‌కి రెండు వేరువేరు దారులు. నువ్వు ఓపెన్ టీ3కి ఎందుకు వెళ్లావు? చేతిలో ఉన్న మంచిదాన్ని వదిలేసుకుంటున్నావు అనిపిస్తోంది.

4జీ63 ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ చివర్లో, రెండు వాల్వ్‌లూ కాస్త తెరిచి ఉన్న సమయంలో, మూడో సిలిండర్ తలుపు తీసి పెద్ద ప్రెషర్‌తో గ్యాస్ వదులుతుంది. అందరూ ఒకే గొట్టంలో ఉంటే ఆ దెబ్బ వెనక్కి ఒకటో సిలిండర్‌లోకి పోతుంది. 1, 4 ఒక దారిలో, 2, 3 ఇంకో దారిలో పెడితే ఒక్కో దారిలో 360 డిగ్రీలకి ఒక దెబ్బే వస్తుంది, ఒకదానికొకటి అడ్డం రావు. నీ పెద్ద కామ్‌లకి ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వ్‌లూ తెరిచి ఉండే ఆ సమయం) ఎక్కువ, ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. డివైడెడ్ హౌసింగ్ అయితే ఏ/ఆర్ ఒక మెట్టు పెద్దది తీసుకుని కూడా కింద చురుకుదనం కాపాడుకోవచ్చు.

---

శ్రీ_ఈవో9 | ఫిబ్రవరి 12

నిజమే అన్నా. మానిఫోల్డ్ ఒక ట్రాక్ స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో మంచి ధరకి వచ్చింది, అందుకే తీసుకున్నాను. ట్విన్ స్క్రోల్ చేయాలంటే మానిఫోల్డ్, రెండు వేస్ట్‌గేట్లు, డౌన్‌పైప్ అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఈ ఏడాది నా బడ్జెట్‌లో లేదు.

---

విజయవాడ_4జీ63 | ఫిబ్రవరి 12

అర్థమైంది. అయితే ఉన్నదాంట్లో ఓపెన్ 0.82 మంచిదే. ట్విన్ స్క్రోల్ అంటూ రెండు దారులనీ ఒకే వేస్ట్‌గేట్ గొట్టంలో కలిపేసిన మానిఫోల్డ్‌లు కూడా కొందరు అమ్ముతున్నారు. గేట్ దగ్గర దారులు కలిసిపోతే విడదీసిన ప్రయోజనం చాలావరకు పోయినట్టే. ముందు ముందు కొనేటప్పుడు అది చూసుకో.

---

కాకినాడ_ఎఫ్ఎస్ | ఫిబ్రవరి 13

కంప్రెసర్ హౌసింగ్‌కి కూడా ఏ/ఆర్ ఉంటుంది కదా అన్నా, 0.60, 0.70 అని. అది ఎలా ఎంచుకోవాలి? దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

---

పుణె_టర్బో | ఫిబ్రవరి 13

మాట్లాడకపోవడానికి కారణం ఉంది. కంప్రెసర్ వైపు ఏ/ఆర్ మారిస్తే పనితీరులో తేడా చాలా తక్కువ. ఆ వైపు అసలు కథ చక్రం సైజు, ట్రిమ్. చిన్న అంచుని పెద్ద అంచుతో భాగించి, వర్గం చేసి, వందతో గుణిస్తే ట్రిమ్. శ్రీ చక్రం 58 బై 76, ట్రిమ్ 58. కంప్రెసర్ హౌసింగ్‌లో చూడాల్సింది పోర్టెడ్ ష్రౌడ్ ఉందా లేదా. లోపలి గోడలో ఒక గాడి ఉంటుంది. గాలి తక్కువ, ప్రెషర్ ఎక్కువ అయినప్పుడు చక్రం దగ్గర ఇరుక్కున్న గాలి ఆ గాడిలోంచి వెనక్కి వచ్చి సర్జ్‌ని (కంప్రెసర్ నెట్టిన గాలి తిరిగి వెనక్కి తన్నడాన్ని) కొంచెం దూరం జరుపుతుంది.

సర్జ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చిన్న టర్బైన్ హౌసింగ్ వల్ల లాభమే అనుకుంటారు, అక్కడ కూడా ఒక ప్రమాదం ఉంది. 3,500 దగ్గర 20 పీఎస్ఐ వచ్చేసింది అనుకో. ఆ ఆర్‌పీఎంలో 2 లీటర్ల ఇంజిన్ మింగేది నిమిషానికి 19 పౌండ్లే. ఇంత పెద్ద కంప్రెసర్‌కి ఆ ప్రెషర్ దగ్గర అది సర్జ్ గీతకి బాగా దగ్గర. ఫుల్ థ్రాటిల్‌లో గడగడమని కొట్టుకుంటుంది, థ్రస్ట్ బేరింగ్ తింటుంది. పెద్ద కంప్రెసర్‌కి మరీ చిన్న హౌసింగ్ జత చేయకూడదు అనేది అందుకే.

ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ విద్యార్థుల రేస్ కార్ల పోటీ)లో మీరు 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్‌తో (గాలి వెళ్లే దారిని ఇరుకు చేసే ముక్కతో) నడుపుతారు కదా. దానిలోంచి సెకనుకి దాదాపు 74 గ్రాముల గాలి మించి పోదు. మీకు పైన బ్యాక్ ప్రెషర్ భయం తక్కువ, కాబట్టి దొరికిన వాటిలో అతి చిన్న టర్బో, అతి చిన్న హౌసింగ్ నుంచి మొదలుపెట్టండి.

---

మిషిగన్_రావు | ఫిబ్రవరి 14

వేస్ట్‌గేట్ గురించి ఒక హెచ్చరిక. చాలామంది పెద్ద హౌసింగ్‌కి పెద్ద గేట్ అనుకుంటారు. నిజం తిరగబడి ఉంటుంది. హౌసింగ్ చిన్నదైతే టర్బైన్‌కి అవసరమైన గ్యాస్ కొంచెమే, మిగిలిందంతా గేట్ గుండా పోవాలి. గేట్ చాలకపోతే 18 అని పెట్టిన బూస్ట్ పైకి వెళ్లేకొద్దీ 21, 22 అని పాకుతుంది. ఇంజిన్ పోయేది అలాగే. గేట్ సైజు ఒక్కటే కాదు, గొట్టం ఏ కోణంలో చీలిందో కూడా చూడాలి. గ్యాస్ వస్తున్న దిశలోనే చీలాలి, అడ్డంగా టీ అక్షరంలా అతికిస్తే 44 మిల్లీమీటర్ల గేట్ కూడా 38 లాగే పని చేస్తుంది. మానిఫోల్డ్ ఫొటో పెట్టు.

---

శ్రీ_ఈవో9 | ఫిబ్రవరి 14

ఫొటో పెట్టాను రావు గారూ. కలెక్టర్ నుంచి దాదాపు 30 డిగ్రీల్లో చీలింది, బాగానే ఉందనుకుంటున్నాను.

ఒక శుభవార్త. ఇక్కడ ట్రాక్‌లో పరిచయమైన ఒకాయన దగ్గర వాడిన 0.63 ఉంది, తక్కువకే ఇస్తానన్నారు. 0.82 కొత్తది ఆర్డర్ పెట్టాను. రెండూ పెట్టి కొలిచి మీకు చెబుతాను. హౌసింగ్ మార్చడం ఒక పూట పనే.

---

మిషిగన్_రావు | ఫిబ్రవరి 14

చాలా మంచి ఆలోచన. కొలిచేటప్పుడు బూస్ట్ ఒక్కటే రాసుకుంటే ఉపయోగం లేదు. మానిఫోల్డ్ కలెక్టర్ దగ్గర చిన్న రంధ్రం చేయించి, పావు అంగుళం స్టీల్ ట్యూబ్ వెల్డ్ చేయించు. వేడి తగ్గడానికి ట్యూబ్ అర మీటర్ పైగా చుట్ట చుట్టి, చివర 100 పీఎస్ఐ సెన్సర్ పెట్టు. ఎగ్జాస్ట్ ప్రెషర్‌ని బూస్ట్ పక్కనే లాగ్ చేయి. నేను చూసే నంబర్ ఆ రెండింటి నిష్పత్తి. ట్రాక్ కారుకి పైన ఒకటిన్నర దగ్గర ఉంటే సంతోషం. రెండు దాటితే హౌసింగ్ గొంతు పట్టుకుంటున్నట్టు.

---

హైదరాబాద్_ఆర్‌ఎస్230 | ఫిబ్రవరి 15

మొదలుపెట్టే ముందు లీక్‌లు చూసుకో శ్రీ. నా పాత కారు కథ చెప్తాను. టర్బో లేవడం బాగా ఆలస్యమైంది. గ్యారేజ్ వాళ్లు హౌసింగ్ పెద్దదైపోయింది అన్నారు. నమ్మి చిన్నది తెప్పించాను. విప్పితే మానిఫోల్డ్‌కీ టర్బోకీ మధ్య గ్యాస్కెట్ ఒక మూల కాలిపోయి, ఫ్లాంజ్ మీద నల్లటి చార. లీక్ అవుతున్న గ్యాస్ టర్బైన్‌ని తిప్పదు కదా. గ్యాస్కెట్ మార్చి పాత హౌసింగే పెడితే సరిపోయింది. కొత్త హౌసింగ్ డబ్బు, కస్టమ్స్ డ్యూటీ అన్నీ దండగ. నాలుగు నెలలు కారు మూలన ఉంది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

---

విజయవాడ_4జీ63 | ఫిబ్రవరి 15

ఇది అందరూ చదవాల్సిన పోస్ట్. టీ3 ఫ్లాంజ్ వేడికి వంగడం మామూలే. నిటారు అంచున్న స్కేలు పెట్టి చూడండి, కింద వెలుతురు కనిపిస్తే మెషిన్ షాప్‌లో చదును చేయించండి. తరువాతి సెటప్‌కి వీ బ్యాండ్ (బోల్టుల ఫ్లాంజ్ బదులు చుట్టూ బిగించే గుండ్రటి క్లాంప్) తీసుకుంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. ట్రాక్ వాడకానికి మామూలు పోత ఇనుము కంటే స్టెయిన్‌లెస్ హౌసింగ్ మంచిది. ఇరవై నిమిషాల సెషన్‌లు, మధ్యలో చల్లారడం, మళ్లీ ఎర్రబడటం. ఇనుప హౌసింగ్‌లో నాలుక (లోపల గ్యాస్ దారి చక్రాన్ని కలిసే చోటి పలుచటి అంచు) దగ్గర పగుళ్లు వస్తాయి.

---

శ్రీ_ఈవో9 | మార్చి 22

క్షమించండి, చాలా రోజులైంది. ఆఫీసులో రిలీజ్ పని, ఆపైన వెల్డింగ్ షాప్ ఆలస్యం. ఫలితాలు ఇవిగో. రెండు హౌసింగ్‌లకీ బూస్ట్ 24, ఫ్యూయల్ ఒకటే పంప్ నుంచి, అదే డైనో, రెండు వరుస శనివారాలు. ఫ్లాంజ్ చదును చేయించాను, పొగ టెస్ట్ కూడా చేశాను, లీక్‌లు లేవు.

ముందు 0.63. మూడో గేర్‌లో 20 పీఎస్ఐ 3,900 దగ్గర వచ్చింది. మొదటిసారి తొక్కినప్పుడు నవ్వు ఆగలేదు, అంత బాగుంది. కానీ 6,000 దాటాక పవర్ గీత వంగిపోయింది. 7,000 దగ్గర ఎగ్జాస్ట్ ప్రెషర్ 49. బూస్ట్ 24. రావు గారు చెప్పిన రెండు దాటేసింది. ట్యూనర్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా ఇవ్వాలో) పెంచబోతే నాక్, వెనక్కి తీశారు. వీల్స్ దగ్గర 388.

తరువాత 0.82. 20 పీఎస్ఐ 4,300 దగ్గర. వీధిలో తేడా స్పష్టంగా తెలుస్తోంది, దాచడం లేదు. 7,000 దగ్గర ఎగ్జాస్ట్ ప్రెషర్ 36. ట్యూనర్ పైన రెండు డిగ్రీల టైమింగ్ ఇవ్వగలిగారు, నాక్ లేదు. 417. పవర్ గీత 7,000 దాకా ఎక్కుతూనే ఉంది.

రెండు గ్రాఫ్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే 4,600 దగ్గర కలుస్తున్నాయి. అంతకు కింద 0.63 గెలుస్తోంది, పైన 0.82.

---

పుణె_టర్బో | మార్చి 22

అద్భుతమైన పని శ్రీ. రెండు డిగ్రీల టైమింగ్ వచ్చిందన్న మాట దగ్గర చాలామంది ఆగరు, అసలు లాభం అక్కడే ఉంది. 29 హార్స్‌పవర్‌లో కొంత పిస్టన్ మీద భారం తగ్గినందుకు వచ్చింది, కొంత సిలిండర్‌లో పాత వేడి గ్యాస్ మిగలనందుకు వచ్చింది. అదే బూస్ట్, లోపలికి వెళ్లిన తాజా గాలి ఎక్కువ. గాలి కొలిచే లాగ్ ఉంటే చూడు, అందులో కనిపిస్తుంది.

---

కాకినాడ_ఎఫ్ఎస్ | మార్చి 23

ఈ85 (ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోల్) పోస్తే 0.63 కూడా బాగుంటుందా అన్నా?

---

మిషిగన్_రావు | మార్చి 23

నాక్ తగ్గుతుంది కాబట్టి టైమింగ్ తిరిగి వస్తుంది, కొంతవరకు మెరుగవుతుంది. కానీ ఇథనాల్‌తో ఇంజిన్ తాగే ఫ్యూయల్ బరువు బాగా ఎక్కువ, బయటికి వచ్చే గ్యాస్ బరువూ పెరుగుతుంది. ఇరుకు ఇరుకుగానే ఉంటుంది. పైగా ఇక్కడ పంపులో ఈ85 అని రాసినా ఇథనాల్ 51 నుంచి 83 శాతం మధ్య ఏదైనా ఉండొచ్చు. సెన్సర్ లేకుండా పోయొద్దు.

---

డెన్వర్_ఎస్టీఐ | మార్చి 23

శ్రీ, నీ కొలతలు చూశాక నా సంగతి తేలింది. నాకు 350 చాలు, నడిపేది అంతా కొండ రోడ్ల మీద, 3,000 నుంచి 5,500 మధ్య. 3071లో ఉన్న టర్బైన్ చక్రం నీదే, అదే 60 బై 55. అంటే నీ 0.63 హౌసింగ్ నాకు నేరుగా పడుతుంది. అమ్ముతావా?

---

పుణె_టర్బో | మార్చి 24

పడుతుంది. పెట్టేముందు చక్రానికీ హౌసింగ్ గోడకీ మధ్య ఖాళీ అన్ని వైపులా సమంగా ఉందో చూసుకోండి. క్లాంప్ బోల్టులు బిగించాక షాఫ్ట్ చేత్తో తిప్పితే ఎక్కడా గీసుకోకూడదు. పైన ఎగ్జాస్ట్ ప్రెషర్ కొలవకుండా బూస్ట్ పెంచొద్దు. మీ ఇంజిన్ 2.5, శ్రీ ఇంజిన్ కంటే ముందే ఇరుకు తగులుతుంది.

---

శ్రీ_ఈవో9 | మార్చి 24

డెన్వర్ అన్నా, నేను కొన్న ధరకే ఇచ్చేస్తాను, షిప్పింగ్ మీరు పెట్టుకోండి. స్టీల్ ట్యూబ్ చుట్ట ఇంకొకటి చేయించి ఉంచాను, అది కూడా అందులోనే వేసి పంపుతాను. సోమవారం పోస్ట్ చేస్తాను. మీ లాగ్ ఈ థ్రెడ్‌లోనే పెట్టండి, ఎత్తులో 0.63 ఎలా చేస్తుందో చూడాలని నాకూ ఆత్రంగా ఉంది.